తెల్లని పటము చూచి తెల్లబోకండి

(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంతసేపూ పంచాంగ శ్రవణం విన్నాము. ఏ రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో సిద్ధాంతిగారు చదివి వినిపించారు. ఉగాది పచ్చడి తీపి ఇంకా నాలుకమీద ఉన్నది. ఇటువంటి వేళ లేచి ఆస్పత్రి మాటలు మాట్లాడడం ఔచిత్యమేనా అని కార్యదర్శిగారిని ముందే అడిగాను. "పచ్చడిలో వేపపువ్వు కూడా ఉంటుంది గదా, మాట్లాడండి" అన్నారు. ఆ ధైర్యంతో మీ ముందుకు వచ్చాను.

నేను డాక్టరును కాను. మెట్రిక్యులేషనుతో చదువు ఆపి, రైల్వేలో చేరి, ఈ ఖుర్దారోడ్డులో పార్సెలు ఆఫీసు గుమాస్తాగా పని చేస్తున్నవాడిని. నేను చెప్పబోయేది వైద్యం కాదు. శ్వాస కోసం గొంతులో ట్యూబు వేసిన రోగికి రొమ్ము ఎక్స్‌రే తీసినప్పుడు, ఆ పటంలో డాక్టర్లు ఏమేమి చూస్తారు, ఏ వరుసలో చూస్తారు, బయట బెంచీమీద కూర్చున్న మనం దానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నంతవరకే నా ప్రసంగం. వ్రాసుకున్న దానిని మన సంఘ సభ్యులైన ఒక డాక్టరుగారికి చూపి, తప్పులు దిద్దించుకొనే వచ్చాను. ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే, ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

2019వ సంవత్సరం జనవరిలో మా నాన్నగారికి నిమోనియా వచ్చింది. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరుగా పని చేసి రిటైరైనవారు. మీలో చాలామంది ఎరుగుదురు. ఊపిరి అందక నగరంలోని ఒక ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది. రెండవనాటికి నోటి ద్వారా ట్యూబు వేసి వెంటిలేటరు పెట్టారు. మా అమ్మకు బజారు ఒరియా వచ్చును గాని ఆస్పత్రి ఒరియా రాదు. నేను ఇక్కడే పుట్టి పెరిగినవాడిని గనుక దుబాసీ పని నాకు పడింది.

అయిదవనాడు ఉదయం ఎక్స్‌రే తీశారు. అప్పుడు వార్డులో తెరమీద కనబడిన పటాన్ని నేను అద్దం తలుపు బయటనుంచి చూశాను. ఒక పక్క నల్లగా ఉన్నది. రెండవ పక్క పైనుంచి కిందిదాకా సున్నం కొట్టిన గోడవలె తెల్లగా ఉన్నది. ముందునాటి పటంలో అట్లా లేదు. నా కాళ్ళు వణికాయి. ఎవరినీ అడగలేదు. బయటికి వచ్చి టెక్కలిలో ఉన్న మా చెల్లెలికి ఫోను చేశాను. "నాన్నగారి కుడి ఊపిరితిత్తి పూర్తిగా పోయింది, కడసారి చూపు కావాలంటే వెంటనే బయలుదేరు" అన్నాను. దానికి అప్పుడు ఏడవ నెల. పలాసాలో బండి ఎక్కి, రిజర్వేషను లేని పెట్టెలో నిలబడి వచ్చింది. మా అమ్మ ఆ పూట మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

చెల్లెలు వచ్చేసరికి సాయంకాలం అయింది. అప్పటికి మరొక పటం తీశారు. తెలుపు సగానికి పైగా విడిపోయి ఉన్నది! మధ్యలో జరిగినది ఇంతే. రోగిని పక్కకు ఒత్తిగిల్లించి పక్క మార్చేటప్పుడు ట్యూబు కొంచెం లోపలికి జారింది. డాక్టరు దానిని మూడు సెంటీమీటర్లు వెనక్కు లాగి, మళ్ళీ కట్టు కట్టారు. పోయినది ఊపిరితిత్తి కాదు, దానికి వెళ్ళవలసిన గాలి. పైగా తెల్లబడినది కుడిది కానే కాదు, ఎడమది. నాకు కుడి ఎడమలు కూడా తెలియలేదన్నమాట.

మా చెల్లెలు కన్నీళ్ళు తుడుచుకొని నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "అన్నయ్యా, నువ్వు నాన్నను చూసి చెప్పావా, బొమ్మను చూసి చెప్పావా?" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి డ్యూటీ డాక్టరుగారు, ఆయన ఒరియా యువకుడు, నా ముఖం చూసి జాలిపడి, రెండు పటాలూ పక్కపక్కన పెట్టి అరగంటసేపు వివరించారు. అప్పుడు నేర్చుకున్నదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ ఇప్పుడు మీకు మనవి చేస్తాను.

జర్మనీ దేశంలోని వుర్జ్‌బర్గు నగరంలో 1895 నవంబరు 8వ తేదీన రాంట్‌జెన్ అనే ఆచార్యుడు ఈ కిరణాలను కనుగొన్నాడు. అవేమిటో తెలియదు గనుక లెక్కలలో తెలియని రాశికి పెట్టే పేరే వాటికి పెట్టాడు. 1901లో భౌతికశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమానం ఆయనకే వచ్చింది. ఈ కిరణాలు గాలిలోనుంచి సులభంగా పోతాయి, నీటిలోనుంచి, మాంసంలోనుంచి కష్టంమీద పోతాయి, ఎముకలోనుంచి మరీ కొద్దిగా పోతాయి. కిరణాలు ఎక్కువగా తగిలిన చోట పటం నల్లగా, తగలని చోట తెల్లగా అవుతుంది. గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా కనబడేది అందుచేతనే. తెలుపు అంటే "గాలి ఉండవలసిన చోట గాలి లేదు" అని అర్థం. ఎందుకు లేదు అన్నది పటం తనంతట తాను చెప్పదు. మనం వెదకాలి.

ఇక ట్యూబు సంగతి. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో వ్యాధి విజృంభించింది. ఊపిరి తీసే కండరాలు చచ్చుపడి రోగులు ప్రాణాలు వదులుతూ ఉంటే, ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతుకు రంధ్రం చేసి, ట్యూబు అమర్చి, రబ్బరు సంచీని చేతితో నొక్కుతూ గాలి పంపించే పద్ధతి పెట్టారు. వందలకొద్దీ వైద్య విద్యార్థులు వంతులు వేసుకొని రాత్రింబగళ్ళు ఆ సంచీలు నొక్కారు. నేటి ఇంటెన్సివ్ కేర్ వార్డులకు అదే నాంది అంటారు. నేడు ఆ చేతుల పని వెంటిలేటరు చేస్తున్నది. మన దేశంలో 2020, 2021 సంవత్సరాల కోవిడ్ కాలంలో ఈ మాట తెలియని ఇల్లు లేకపోయింది.

డాక్టరుగారు నాతో మొదట అన్న మాట ఇది: "మీరు తెలుపును చూసి భయపడ్డారు. మేము తెలుపును మొదట చూడము. మొదట పేరు చూస్తాము, తరువాత ట్యూబు చూస్తాము, ఆ తరువాతనే ఊపిరితిత్తులు." నేను పార్సెలు గుమాస్తాను గదా, ఈ మాట నాకు వెంటనే ఎక్కింది. మూట ఎంత పెద్దదైనా మేము ముందు చూసేది లేబులే. ఎవరిది, ఎప్పటిది, ఎక్కడిది అన్నది తేలకుండా మూట మీద చేయి వేయము.

పటానికీ అంతే. పేరు, తేదీ, గంట చూడాలి. ఒకే రోజున ఒకే రోగికి రెండు పటాలు తీసి ఉండవచ్చు, ఏది ముందో ఏది వెనుకో తెలియాలి. తరువాత కుడి ఎడమల గుర్తు. రోగి మనకు ఎదురుగా నిలబడినట్లుగా పటాన్ని పెడతారు. కాబట్టి మన కుడిచేతి వైపున ఉన్నది ఆయన ఎడమ. నేను పొరబడినది ఇక్కడే.

రెండవది ట్యూబు. దాని పొడుగునా కిరణాలకు అడ్డుపడే గీత ఒకటి ఉంటుంది. అది పటంలో తెల్లని దారంవలె కనబడుతుంది. ఆ దారం కొన ఎక్కడ ఉన్నదో చూడాలి. మన శ్వాసనాళం గొంతునుంచి రొమ్ములోకి సుమారు 10, 12 సెంటీమీటర్లు దిగి, రెండుగా చీలుతుంది. ఆ చీలికను కెరీనా అంటారు. పెద్దవారికి మెడ నిటారుగా ఉన్నప్పుడు ట్యూబు కొన ఆ చీలికకు సుమారు 5 సెంటీమీటర్లు పైన ఉండడం మంచిది. 3 నుంచి 7 వరకు ఒప్పుతుంది. గడ్డం కిందికి వంచితే కొన సుమారు 2 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, తల వెనక్కు వాల్చితే అంతే పైకి పోతుంది. కనుక పటం తీసినప్పుడు గడ్డం ఎట్లా ఉన్నదో కూడా చూసుకోవాలి. పసిపిల్లల లెక్క వేరు. వారి శ్వాసనాళమే నాలుగైదు సెంటీమీటర్లు, కొద్దిపాటి కదలిక కూడా వారికి ఎక్కువే.

మరి ట్యూబు లోపలికి జారితే ఎక్కువగా కుడివైపుకే ఎందుకు పోతుంది? ఇది మన రైలు వారికి చెప్పనక్కర లేదు. పాయింటు దగ్గర ఒక దారి దాదాపు తిన్నగా, రెండవది బాగా వంపు తిరిగి ఉంటే, తోసిన వస్తువు తిన్నని దారినే పడుతుంది. చీలిక వద్ద కుడి శాఖ మధ్యగీతనుంచి సుమారు 25 డిగ్రీలు మాత్రమే పక్కకు తిరుగుతుంది, ఎడమ శాఖ సుమారు 45 డిగ్రీలు. కుడి శాఖ వెడల్పు కూడా ఎక్కువ. ట్యూబు కుడి శాఖలో దిగగానే గాలి అంతా కుడి ఊపిరితిత్తికే పోతుంది. ఎడమది గాలి లేక కుంచించుకొని తెల్లబడుతుంది. అట్లాగే కుడి ఊపిరితిత్తి పైభాగానికి పోయే చిన్న శాఖ చీలికకు దగ్గరలోనే ఉన్నది గనుక, ట్యూబు దానిని దాటి పోతే ఆ పైభాగం కూడా ముడుచుకుంటుంది. రెండింటికి పోవలసిన గాలి ఒక్కదానిలోకే పోవడం వలన కుడి ఊపిరితిత్తి అతిగా ఉబ్బి, పగిలే ప్రమాదం కూడా లేకపోలేదు. మా నాన్నగారి పటంలో తెల్లని దారం కొన చీలికను దాటి కుడివైపుకు తిరిగి ఉన్నది. నేను తెలుపును చూశాను గాని దారాన్ని చూడలేదు.

ట్యూబు మరీ పైకి ఉన్నా ప్రమాదమే. దాని చివర చిన్న బెలూను ఉంటుంది, గాలి పక్కలనుంచి తప్పించుకోకుండా. కొన పైకి వస్తే ఆ బెలూను స్వరతంత్రులను ఒత్తవచ్చు, లేదా ట్యూబు మొత్తానికి ఊడిరావచ్చు. పటంలో ఆ బెలూను శ్వాసనాళం కన్న వెడల్పుగా ఉబ్బి కనబడరాదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ట్యూబు శ్వాసనాళంలోకి వెళ్ళిందా, పొరబాటున అన్ననాళంలోకి వెళ్ళిందా అన్నది తేల్చేది ఎక్స్‌రే కాదు. పటం వచ్చేదాకా ఆగితే ప్రాణం ఆగదు. ట్యూబు వేసిన వెంటనే రోగి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడు ఉన్నదా అని ఒక యంత్రంతో చూసి డాక్టర్లు ఆ సంగతి తేల్చుకుంటారు. ఎంత లోతుకు దిగింది అన్నదే ఎక్స్‌రే చెప్పేది.

శ్వాస ట్యూబు తరువాత మిగతా ట్యూబులు. ముక్కునుంచి కడుపుకు వేసే ఆహారపు ట్యూబు మధ్యగా తిన్నగా దిగి, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉన్న కండరపు పొరను దాటి, కడుపులో కనబడాలి. అది చీలిక దగ్గర పక్కకు తిరిగిందంటే ఊపిరితిత్తిలోకి పోతున్నదని అర్థం. అందులో పాలు పోస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకే కొత్తగా వేసినది సరిచూసుకోకుండా ఆహారం ఇవ్వరు. "పొద్దుటినుంచి నాన్నకు ఏమీ పెట్టలేదు" అని మనం నర్సులమీద కేకలు వేసేముందు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి. మెడలోని రక్తనాళానికి వేసిన సన్నని ట్యూబు గుండెకు కొంచెం పైన ఆగి ఉండాలి. అది వేసినచోట ఊపిరితిత్తికి గాయమేమైనా అయిందా అని కూడా పటంలో చూస్తారు.

ట్యూబుల లెక్క తేలిన తరువాతనే తెలుపు దగ్గరకు వస్తారు. తెలుపుకు కారణాలు అనేకం. ఊపిరితిత్తి గాలి లేక ముడుచుకుంటే అది ఖాళీ సంచి. పక్కనున్న గుండెనూ శ్వాసనాళాన్నీ తనవైపుకు లాక్కుంటుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చాలా చేరితే అది నిండిన కుండ. గుండెను అవతలికి నెడుతుంది. నిమోనియాలో చీము నిండితే సాధారణంగా లాగడమూ ఉండదు, నెట్టడమూ ఉండదు; తెలుపు మధ్యలో గాలి శాఖలు నల్లని కొమ్మలవలె కనబడవచ్చు. గుండె బలహీనపడి నీరు ఊరితే ఎక్కువగా రెండు పక్కలా తెల్లబడుతుంది, మందు పని చేస్తే కొన్ని గంటలలోనే తేలికపడవచ్చు. నిమోనియా తెలుపు అట్లా పోదు. రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. చూడడానికి అంతా ఒకే తెలుపు. ఒకదానికి ట్యూబు వెనక్కు లాగడం చికిత్స, ఒకదానికి కఫం తీయడం, ఒకదానికి నీరు తీయడం, ఒకదానికి మందు. నాన్నగారి పటంలో గుండె తెలుపు వైపుకే జరిగి ఉన్నది. చూడడం తెలిసినవారికి ఆ ఒక్క గుర్తు చాలునట.

తెలుపు మాత్రమే కీడు, నలుపు మేలు అనుకోవడం కూడా పొరబాటు. వెంటిలేటరు ఒత్తిడితో గాలి పంపుతుంది. ఊపిరితిత్తికి చిల్లు పడితే ఆ గాలి బయటికి వచ్చి, ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య చేరుతుంది. దీనిని న్యూమోథొరాక్స్ అంటారు. నిలబడిన మనిషిలో అయితే ఆ గాలి పైకి చేరి కొసన కనబడుతుంది. పడుకున్న రోగిలో ముందుకు, కిందికి చేరుతుంది. అందువల్ల ఛాతీ అడుగు మూల అసాధారణమైన లోతుగా, నల్లగా కనబడవచ్చు. చూసేవారికి "ఆహా, ఎంత తేటగా ఉన్నది" అనిపించే ఆ నలుపే ప్రాణాపాయం. రక్తపు పోటు హఠాత్తుగా పడిపోయి రోగి కూలిపోతూ ఉంటే డాక్టర్లు పటం కోసం కూడా ఆగరు. ముందు గాలి బయటికి తీస్తారు.

పటం తీసే పద్ధతిలోనే కొన్ని భ్రమలు ఉన్నాయి. నడవగలిగిన మనిషికి సుమారు ఆరడుగుల దూరంనుంచి, వీపువైపునుంచి కిరణాలు పంపి తీస్తారు. మంచంమీది రోగికి యంత్రాన్ని మంచం వద్దకే తెచ్చి, సుమారు ఒక మీటరు దూరంలో, ముందువైపునుంచి తీస్తారు. దీపానికి దగ్గరగా చేయి పెడితే గోడమీద నీడ పెద్దదైనట్లు, ఇందులో గుండె ఉన్నదానికన్న పెద్దదిగా కనబడుతుంది. "గుండె వాచింది" అని మనం బెంగ పెట్టుకోనక్కరలేదు. రోగి కొంచెం పక్కకు తిరిగి పడుకున్నా ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా రావచ్చు. ఊపిరి పూర్తిగా నిండినప్పుడు తీస్తే తేటగా, వదిలినప్పుడు తీస్తే మసకగా వస్తుంది. వెంటిలేటరు ఒత్తిడి పెంచితే వ్యాధి తగ్గకుండానే తెలుపు తగ్గినట్లు కనబడవచ్చు. కాబట్టి నిన్న ఏ ఒత్తిడిమీద తీశారు, నేడు దేనిమీద తీశారు అన్నది తెలియకుండా రెండు పటాలను పోల్చరాదు. పాత నిల్వ చూడకుండా నేటి జమాఖర్చు చెప్పే గుమాస్తాను ఎవరైనా నమ్ముతారా? నిన్నటి పటం లేకుండా నేటి పటం అటువంటిదే.

అట్లాగని పటం బాగుపడితే రోగి బాగుపడ్డట్టే అని కూడా అనుకోరాదు. కోవిడ్ రోజులలో మా వీధిలోని ఒక ఇంటి పెద్దాయనకు మూడు వారాలు వెంటిలేటరు ఉన్నది. చివరి పటం మొదటి దానికన్న నయమని చెప్పారు. ఆ ఇంటివారు ఆశ పెట్టుకున్నారు. కాని మూత్రపిండాలు పని మానివేసి ఆయన కాలం చేశారు. మూత్రపిండాలు ఎట్లా ఉన్నాయో రొమ్ము పటం చెప్పదు. ఆక్సిజను ఎంత అందుతున్నది, యంత్రం ఎంత సాయం చేస్తున్నది, రక్తపు పోటు నిలబడుతున్నదా, మూత్రం వస్తున్నదా, పిలిస్తే కన్ను తెరుస్తున్నారా - వీటితో కలిపి చదివినప్పుడే పటానికి అర్థం. ఎక్స్‌రే జాతకచక్రం కాదు. అది ఒక క్షణపు నీడ.

ఇంకొక మాట. "రోజూ ఎక్స్‌రే ఎందుకు తీయడం లేదు, డబ్బు కట్టలేమనా?" అని అడిగేవారు ఉన్నారు. పూర్వం వెంటిలేటరుమీద ఉన్నవారికి ప్రతిరోజూ తీయడం ఆనవాయితీ. ఫ్రాన్సు దేశంలో 21 ఇంటెన్సివ్ కేర్ వార్డులలో పరీక్షించి, 2009లో ఫలితం ప్రకటించారు. అవసరమని తోచినప్పుడే తీస్తే పటాల సంఖ్య సుమారు మూడవ వంతు తగ్గింది, రోగులకు మాత్రం నష్టం కనబడలేదు. కొత్త ట్యూబు వేసినప్పుడు, ట్యూబు జారిందని అనుమానం వచ్చినప్పుడు, రోగి స్థితి మారినప్పుడు తీయడం వేరు. ఊరికే లెక్క కోసం తీయడం వేరు. ప్రతి పటానికీ రోగిని కదపవలసి ఉంటుంది, కదిపినప్పుడే ట్యూబులు జారుతాయి.

ఇక మన కర్తవ్యం ఏమిటి? నాకు తోచినవి నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి, ట్యూబును గాని, దాని కట్టును గాని మనం ముట్టుకోరాదు. ట్యూబుమీద సెంటీమీటర్ల అంకెలు ఉంటాయి. పళ్ళవద్ద ఉండే అంకె సాధారణంగా పురుషులకు 23, స్త్రీలకు 21 ప్రాంతంలో ఉంటుంది. మనిషి పొడుగునుబట్టి కొంచెం తేడా ఉండవచ్చు. నర్సులు దానిని వ్రాసుకుంటారు. చూడనిచ్చిన వేళ ఆ అంకె మారినట్లు మీకు కనబడితే మర్యాదగా చెప్పండి. అంతే.

రెండు, డాక్టరుగారిని "బతుకుతారా?" అని కాక, జవాబు చెప్పడానికి వీలైన ప్రశ్నలు అడగండి. ట్యూబు సరైన చోట ఉన్నదా? నిన్నటికీ నేటికీ ఏమి మారింది? ఆ తెలుపు ముడతా, నీరా, చీమా? దానికి ఇప్పుడు ఏమి చేస్తున్నారు? ఈ నాలుగు ప్రశ్నలూ ఒరియాలో అడగడం రానివారు మన సంఘానికి కబురు చేయండి. నావంటివారం ముగ్గురు నలుగురం ఉన్నాము. డ్యూటీ ముగించుకొని ఏ వేళనైనా వచ్చి మాట సాయం చేస్తాము. పరాయి గడ్డమీద స్థిరపడిన మనకు సంఘం ఉన్నది నాటకాలకూ విందులకూ మాత్రమే కాదు గదా.

మూడు, తెరమీది పటాన్ని సెల్లుఫోనులో ఫొటో తీసి బంధువులందరికీ పంపకండి. శ్రీకాకుళంనుంచి ఒకరు, షోలాపురంనుంచి ఒకరు, తలకొక మాట చెబుతారు. ఫొటోకు ఫొటో తీస్తే తెలుపు నలుపులే మారిపోతాయి. లేబులు లేని మూట అవుతుంది.

నాలుగు, ఎవరికైనా కబురు పెట్టేముందు డాక్టరుతో మాట్లాడండి. కడసారి చూపు అన్న మాట చాలా బరువైనది. ఆ మాట అనవలసిన వేళ నిజంగా వస్తుంది, అప్పుడు దాచడం కూడా తప్పే. కాని అది తెలుపును చూసి మనకు మనం అనుకొనే మాట కాకూడదు.

మా నాన్నగారికి పదకొండవనాడు ట్యూబు తీశారు. గొంతు బొంగురుపోయి ఉన్నది. మొదట అడిగినది మా చెల్లెలు ఎట్లా వచ్చిందని. నిలబడి వచ్చిందని తెలిసి నావైపు ఒక చూపు చూశారు. ఏమీ అనలేదు. మార్చి నెలలో మనమరాలు పుట్టింది. ఆయన ఆ తరువాత రెండు ఉగాదులు చూశారు. రెండవ ఉగాది 2020లో. లాక్‌డౌను వలన ఈ హాలు తలుపులు తెరవలేదు, ఇంట్లోనే పచ్చడి చేసుకున్నాము. ఆ ఏడు కార్తికమాసంలో ఇంటివద్దనే, నిద్రలో వెళ్ళిపోయారు. అప్పుడు మా చెల్లెలికి ఫోను చేయవలసినవాడిని మళ్ళీ నేనే. "అన్నయ్యా, ఈసారి చూసి చెబుతున్నావా?" అన్నది. "చూసే చెబుతున్నానమ్మా, పక్కనే కూర్చొని ఉన్నాను" అన్నాను.

 ఈ మాటలతో మీలో ఎవరికీ ఎన్నడూ పని పడకూడదనే నా కోరిక. పడితే మాత్రం, ముందు పేరు చూడండి, తరువాత ట్యూబు సంగతి అడగండి, ఆ తరువాత మనిషి ముఖం చూడండి. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.